ఆఖరి శుక్రవారం, వెర్లీన్ స్టేషన్ వ్యాగన్

అన్నేళ్ళు ఓడిపోయిన చోటికే వెర్లీన్ స్టబ్స్ ప్రతి శుక్రవారం ఎందుకు వచ్చేది? ఇప్పటికీ నాకు తెలియదు.

అలబామాలో మా ఊరి బయట, పత్తి చేల మధ్య సూటిగా పరిచిన తారు పట్టీయే మా పందెం బాట. ఏ కారులో ఇంటి నుంచి వస్తే ఆ కారుతోనే పందెం. వెర్లీన్ బడిలో వంట చేసేది. ఆమెది పొడవాటి పాత స్టేషన్ వ్యాగన్, వెనక సామాను కూడా పట్టే ఇంటి కారు.

తన కారు ఆ దూరాన్ని ఎంతసేపట్లో దాటుతుందో ఎవరికి వారు తెల్ల బూటు పాలిష్‌తో అద్దం మీద రాసుకోవాలి. ఒక్కో పందెంలో రెండేసి కార్లు; నెమ్మది కారును ఆ రెండు అంకెల తేడా మేరకు ముందు వదులుతారు. ముందు గీత దాటినవాళ్ళదే గెలుపు. అయితే రాసుకున్న అంకె కంటే త్వరగా దాటితే ఓటమే. వెర్లీన్ కాస్త వేగం చేతిలో ఉంచుకునే అంకె రాసేది. తీరా వెనక ఇంజన్ రొద వినబడగానే ఒళ్ళు మరిచి తొక్కేసేది. ఆఖరి పందెం దాకా వచ్చి ప్రతిసారీ అలాగే పోయేది.

ఆ శుక్రవారంతో బాట మూసేస్తున్నారు, స్థలం కోళ్ళ కంపెనీ కొనేసింది. ఇక గెలిస్తే అప్పుడే గెలవాలి. పొద్దు వాలేసరికి ఇద్దరే మిగిలారు: వెర్లీన్, టైర్ల కొట్టు రస్టన్.

రస్టన్ తన నల్ల కారు మీద చెయ్యేసి అరిచాడు. "మిస్ వెర్లీన్! వెనక సీట్లో బంగాళాదుంపల బస్తాలు దించి రాకపోయారా?"

"దారిలో రాలుస్తాలే నాయనా. వెనకాల వచ్చేది నువ్వేగా, ఏరుకో."

అందరూ గొల్లుమన్నారు. ఆమె కంచె దగ్గరికి వచ్చి నా పొట్లంలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసుకుంది.

"ఓటిస్, వాడి ఎర్ర దీపాలు చూశావా? ప్రతి పందెంలోనూ గీత ముందు బ్రేకు నొక్కుతున్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది, వాడూ ఎక్కువ సమయం రాసి వేగం దాచుకున్నాడు. నాలాగే దొంగ."

"నువ్వు తొక్కకుండా ఉండగలవా?"

"నోరు మూసుకుని శెనక్కాయలు తిను."

పచ్చ దీపం వెలిగింది. వ్యాగన్ ఊగుతూ కదిలింది. కాసేపటికి రస్టన్ కారు గర్జిస్తూ దూకింది. సగం దూరానికి ఆ రొద ఆమె చెవిదాకా వచ్చే ఉంటుంది. నేను కంచె గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఎప్పటిలా తొక్కి తనే ఓడిపోతుందనుకున్న రస్టన్, ఈసారి బ్రేకు జోలికి పోలేదు. గీత దగ్గరపడింది. అప్పుడు వెలిగాయి ఎర్ర దీపాలు, వ్యాగన్ వెనక! నల్ల కారు ముక్కు ముందుగా గీత దాటింది.

"గెలిచాం!" అని రస్టన్ స్నేహితులు టోపీలు ఎగరేశారు.

టోపీలు నేల మీద పడకముందే గెలుపు దీపం వెర్లీన్ వైపు వెలిగింది. రస్టన్ తను రాసుకున్న అంకె కంటే త్వరగా వచ్చేశాడు. ఆమె అలా త్వరపడలేదు. జనం బెంచీల మీదికెక్కి కాళ్ళు దబదబలాడించారు. తిరిగొచ్చిన రస్టన్ టోపీ తీసి, "నన్ను సాగనంపి గెలిచిందిరా ముసల్ది!" అని పడీపడీ నవ్వాడు.

ఫోటోకి రమ్మని మైకులో పిలిచారు. మళ్ళీ పిలిచారు. నేను వెతుకుతూ పోయేసరికి వ్యాగన్ గేటు దాటి రోడ్డెక్కింది. కిటికీలోంచి బయటపెట్టిన చెయ్యి తలుపు మీద దరువేస్తోంది. ఆమె వెనక్కి చూడలేదు.