కుడివైపు స్పీకర్

మదీనాగూడలో కార్లకు స్పీకర్లు బిగించే దుకాణంలో నేను పనిచేసిన రోజుల్లో బంద్ లేని వారం ఉండేది కాదు. మా ఓనర్ గోదావరి వైపు మనిషి. షట్టర్ మీద జై తెలంగాణ స్టిక్కర్ ఆయనే స్వయంగా అంటించాడు, ఎక్కడా గాలిబుడగ లేకుండా. ఉద్యమంలో అంత శుభ్రమైన పని నేను ఇంకెక్కడా చూడలేదు.

బంద్ లేని ఒక మధ్యాహ్నం ఒక సుమో వచ్చింది. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ ఉద్యోగులను తిప్పే బండి. ముందు నంబర్ ప్లేట్ మీద ఏపీ చెరిపి టీజీ అని రాసి ఉంది. వెనక ప్లేట్ మీద ఏపీ అలాగే ఉంది. వచ్చేటప్పుడు ఒక రాష్ట్రం, పోయేటప్పుడు ఇంకో రాష్ట్రం. డ్రైవరన్న మెదక్ వైపు పల్లెవాడు. ఆ బండికి ఆంప్లిఫయర్, డోర్లకు స్పీకర్లు బిగించింది నేనే.

"కుడిదిక్కుది మల్ల పోయింది తమ్మీ," అన్నాడు. అప్పటికే ఒకసారి ఆ స్పీకర్ మార్చి కొత్తది పెట్టాం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆంప్లిఫయర్ దగ్గర కుడి వైరు ఎడమకు, ఎడమ వైరు కుడికి మారుస్తాం. జబ్బు అవతలి డోర్‌కు పోతే తప్పు ఆంప్లిఫయర్‌ది, ఉన్నచోటే ఉంటే స్పీకర్‌ది. మార్చాను. కుడివైపే సన్నగా వస్తోందన్నాడు. సరేనని రెండు డోర్ల స్పీకర్లనూ ఒకదాని చోట ఒకటి బిగించాను. అయినా కుడివైపే అన్నాడు. తల లోపల పెట్టి విన్నాను. రెండూ సమానంగా మోగుతున్నాయి.

"స్పీకర్లు మంచిగనే ఉన్నయన్నా. సీటుకే దయ్యం పట్టినట్టుంది. జర ఎనకకు తిరిగి కూసో," అన్నాను. నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. సీటు మీద మోకాళ్లు ఆన్చి వెనక్కి తిరిగాడు. నేను ఒక్కో డోర్ విడిగా మోగించాను. కుడి డోర్ మోగితే తల ఊపాడు. ఎడమ డోర్ మోగగానే, "గిప్పుడు గిది పోయింది," అని ఆగిపోయాడు.

స్పీకర్లు తిరగలేదు. తిరిగింది ఆయన ఒక్కడే.

ఓనర్ పాట ఆపేశాడు. దిగి స్టూల్ మీద కూర్చున్నాక డ్రైవరన్న మెల్లగా చెప్పాడు. ర్యాలీలకు మైకుల బండి నడిపేవాడట. ఒక మైకు సరిగ్గా డ్రైవర్ కిటికీ మీద కట్టేవారు. ఊరూరా దాని కిందే కూర్చున్నాడు.

"పండుకున్నా చెవుల నినాదం ఆగకపోయేది. ఉద్యమమంటే గట్లనే ఉంటదనుకున్న."

ఆ మాట జోకుగా నేను అనాల్సింది. ఆయన అనేసరికి నాకు నవ్వు రాలేదు.

దవాఖానలో చూపించుకోండని, అందాకా బండి తీయొద్దని ఓనర్ బతిమాలాడు. స్టీరింగ్ విడిస్తే ఇంట్లో ఐదుగురు ఏం తినాలని ఆయన అడిగాడు. అద్దం చూసి నడుపుతానని, పికప్ టైమవుతోందని లేచాడు.

బండి ముంబై హైవే మీదకు మళ్లింది. కుడివైపు నుంచి లారీ గట్టిగా హారన్ కొట్టింది. ఆ హారన్ ఆయనకూ వినిపించింది, కానీ పనిచేసే చెవిలోనే. అందుకే ఎడమకు చూసి బండిని కుడికి తిప్పాడు. లారీ బ్రేకు వేసిన తీరుకు వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. లారీ డ్రైవర్ దిగి తిట్టిన తిట్లు ఆయనకు సగమే వినపడి ఉంటాయి. ఆ రోజు ఆయనకు దక్కిన లాభం అదొక్కటే.

నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆయన అప్పటికే పక్క సీట్లోకి జరిగి కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"నువ్వు నడుపు తమ్మీ. టైముకు బండి గేటుకాడ ఉండాలె."

నానక్‌రామ్‌గూడ దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. మైకుల బండి నడిపినోళ్లకు కొత్త రాష్ట్రంలో చెవుల శాఖ ఇస్తారన్నాను. ఆయన రోడ్డు వంకే చూస్తున్నాడు. నా వైపు ఉన్నది కుడి చెవి.

గేటు దగ్గర దిగి, ముందు అద్దం వెనకున్న రూట్ బోర్డు తీసి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి సూపర్‌వైజర్ చేతికిచ్చాడు. వేరే డ్రైవర్‌ను చూసుకోమన్నాడు. సూపర్‌వైజర్ ఫోన్లోంచి తలెత్తకుండానే ఏదో అడిగాడు.

డ్రైవరన్న తల పక్కకు తిప్పి ఎడమ చెవి ముందుకు పెట్టాడు.

"గీ దిక్కు చెప్పు సార్."