ఒంటి గంబూటు

శ్రీపతి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పరాయి దేశంలో, టకానిని అనే ఊళ్లో ఇల్లు కొన్నాక తను ఆర్టిస్టునేమోనని అనుమానం మొదలైంది. ఆ అనుమానం ఇంకెవరికీ రాలేదు. జనం రోడ్డు పక్కన పారేసిన సామాన్లు కౌన్సిల్ చెత్త లారీ ఎత్తుకెళ్లేలోపు ఏరుకొచ్చి, గరాజులో పేర్చి ఫొటోలు తీసేవాడు. కారు మాత్రం వానలో తడిసేది.

పక్కూరు మనురేవాలో ఒక చిన్న గ్యాలరీ వాళ్లు ఆ ఫొటోల్ని ఏటా తిప్పి పంపుతున్నారు. బావున్నాయిగానీ షాపు అద్దంలో సర్దినట్టున్నాయన్నారు. ఈసారి కూడా గోడెక్కకపోతే కెమెరా అమ్మేస్తానని భార్య స్పందనతో పంతానికి అనేశాడు. ఆవిడ ఆ మాట పట్టుకుంది.

ఫొటో పంపడానికి ఆఖరి రోజు దసరా శనివారం. పాత షెల్ఫు పలకలతో మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి, మూతలేని కెటిల్, చెయ్యి విరిగిన బొమ్మ, ఆగిపోయిన గడియారం, ఒంటి గంబూటు పొద్దుటినుంచీ సర్దాడు. వెలుతురు కోసం గరాజు తలుపెత్తాక చూస్తే కెమెరాలో చార్జింగ్ లేదు. ఆర్టిస్టులకు మతిమరుపు మామూలేనని సర్దిచెప్పుకుని, చార్జింగ్ పెట్టడానికి ఇంట్లోకెళ్లి సోఫాలో కునుకు తీశాడు.

ఆ సాయంత్రమే స్పందన పేరంటానికి పిలిచింది. వీధి చివరింటి రాజేశ్వరమ్మ ఆంటీ, ఇంకొందరు ఆడవాళ్లతో తెరిచున్న గరాజులోకే వచ్చేసింది. మెట్లు, తెల్ల దుప్పటి, పైన బొమ్మ. బొమ్మల కొలువు కాదని ఎవరనుకుంటారు?

శ్రీపతి కెమెరాతో వచ్చేసరికి పాట నడుస్తోంది. కెటిల్‌కి కుంకుమ బొట్టు, గడియారానికి పూలు.

"దేశంకాని దేశంలో బొమ్మలు దొరక్కపోయినా కొలువు మానలేదు చూడు" అని ఆంటీ మెచ్చుకుంది. "కానీ నాయనా, మెట్లు బేసిగా ఉండాలి. ఒక పలక తీయించాను. కొలువులో బూటేంటి, బయట పెట్టేశాను."

గుమ్మం బయట ఆడవాళ్ల చెప్పుల వరసలో గంబూటు బుద్ధిగా నిలబడి ఉంది. శ్రీపతికి ఏడుపొచ్చింది. మళ్లీ సర్దడానికి వెలుతురు లేదు. ఉక్రోషంతో గుమ్మం బయటినుంచి ఒక్కటంటే ఒక్క ఫొటో తీసి పంపేశాడు.

అది గోడెక్కింది.

ప్రదర్శన రోజు ఒక స్థానిక కివీ ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. ఆ ఒంటి బూటుని చెప్పుల మధ్య పెట్టాలని మీకెలా తట్టిందని ఇంగ్లీషులో అడిగింది. అలాంటి ప్రశ్నకి శ్రీపతి దగ్గర జవాబు ఏనాడో సిద్ధంగా ఉంది. గొంతు సవరించుకున్నాడు. పక్కనే ఆంటీ, పట్టుచీరలో, ఫొటోలో తన చెప్పులు వెతుక్కుంటోంది. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద సంతోషం కూడా ఉంది.

"తట్టింది ఈవిడకండీ" అని ఆంటీని ముందుకు తీసుకొచ్చాడు.

విషయం తెలుగులో చెబితే ఆంటీ తెగ ఆశ్చర్యపోయింది. "అదంతా నేనే చేస్తే, మరి నువ్వేం చేశావు నాయనా?"

"సామాన్లు మోశానాంటీ."