మామిడికాయలో మోకాళ్ళ మందు

మా మేనమామది నూజివీడు దగ్గర బంగినపల్లి తోట. ఆ ఏడాది పంతం పట్టి, పురుగుమందు చుక్క కొట్టకుండా కాపు తీశాడు. కాయలో మందు లేదని తేల్చే పరీక్షలో నెగ్గితే కాయ విదేశాలకి, లేకపోతే జ్యూస్ ఫ్యాక్టరీకి. ఆ పరీక్ష చేసే ల్యాబులోనే నా ఉద్యోగం, నా ఖర్మ.

ఒక్క కాయ చాలని ఫోన్లో చెప్తే బుట్టెడు తెచ్చాడు. తొక్క నానబెట్టి తీసిన రసం ఒకే ఒక్క చుక్క, మిషను ముందున్న మూడు మూలల కాగితం ముక్క మీద వేసేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"ఇంత తోటకీ ఇంతేనా? ఇంకాస్త పెట్టవే, మిషను మొహమాటపడుతుందేమో!"

"ఎక్కువైతే దానికి అజీర్తి మామయ్యా. కాసేపు ఊరుకో!"

ఆ కాగితానికి వేల వోల్టుల కరెంటు పెడితే కొస నుంచి కంటికి ఆనని తుంపర లేస్తుంది. తడి ఆరిపోయి, కరెంటు ఎక్కిన అణువులు మిషను నోట్లోకి దూకుతాయి. కరెంటు ఎక్కనివాటిని అది పట్టించుకోదు. దూకినవాటిని బరువుల ప్రకారం విడదీసి తెర మీద గీతలుగా చూపిస్తుంది.

పురుగుమందు గీత ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకునేలోపు తాటిచెట్టంత గీత ఒకటి లేచింది. ఏమిటా అని వెతికితే, నొప్పులకి రాసుకునే మందు! మామిడికాయకి మోకాళ్ళెక్కడివి?

తలతిప్పి చూద్దును కదా, మామయ్య ఇంకో కాయని భుజమ్మీది కండువాతో నిగనిగలాడేలా తుడుస్తున్నాడు. మా వైపు తుడవకుండా కాయని ఎవరి చేతిలోనూ పెట్టరు. మోకాళ్ళకి మందు రాసి చేతులు తుడుచుకునేదీ ఆ కండువాకే.

"బాబోయ్, ముట్టుకోకు!" అని అరిచాను.

మర్నాడు గ్లవ్సులేసుకున్న కూలీలు కోసిన కాయతో మళ్ళీ పరీక్ష పెట్టాం. నెగ్గింది. కొనే కంపెనీవాళ్ళు మాత్రం మొదటి రిపోర్టు చూసి ఒక షరతు పెట్టారు: సరుకు లారీ ఎక్కేదాకా తోట యజమాని కాయని తాకకూడదు.

లోడింగు రోజు ఆయన లారీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, పెళ్ళివారి ముందు కూర్చోబెట్టిన పెళ్ళికూతురిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒకటే నవ్వు. అంతలో ట్రేలోంచి ఒక కాయ జారి, దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. వంగబోయి ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇది తియ్యొచ్చా?" అని నన్ను అడిగాడు.

నా నవ్వు ఆగిపోయింది. "నీ కాయేగా మామయ్యా, తీసుకో" అన్నాను.

"వద్దులే, ఎందుకొచ్చిన గొడవ" అని చేతులు వెనక్కి పెట్టుకుని, గ్లవ్సులున్న కూలి మనిషిని కేకేశాడు.