సమాధుల తోట వెబ్‌సైటు

నవంబరు పద్నాలుగు, గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది. మా చర్చి సంఘంలో వలలు బాగుచేసే కుటుంబానికి చెందిన అమ్మాయి. తెల్లవారుజామున వాళ్ళ నాన్న పోయాడు.

"టీచరమ్మా, నాలుగ్గంటలకు భూస్థాపన. అమ్మ పక్కనే పెట్టమని నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. అమ్మ సమాధి ఎక్కడో చెప్పండి, గుంట తవ్వేవాళ్ళు వచ్చి కూర్చున్నారు."

ఇలా అడగడం కొత్త కాదు. మా సమాధుల తోట సముద్రానికి అర కిలోమీటరు. తుఫాను వచ్చినప్పుడల్లా ఇసుక కప్పేస్తుంది, కొయ్య సిలువలు పుచ్చిపోతాయి. అందుకే ప్రతి సమాధీ గేటు నుంచి ఎన్ని అడుగులో, దక్షిణపు గోడ నుంచి ఎన్ని అడుగులో సంఘం రిజిస్టరులో రాసి ఉండేది. లెక్కల టీచరుగా రిటైరయ్యాక టేపు పట్టి ప్రతి కొలతా సరిచూసి, అంతా వెబ్‌సైటులోకి ఎక్కించాను. ఒక్కో సమాధికి నాలుగు ఫోటోలు. మొత్తం 1,146 సమాధులు.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అని వెబ్‌సైటు తెరిచాను. తెల్లటి పేజీ. ఈ చిరునామాలో ఏమీ లేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం.

వెబ్‌సైటుకు నెట్‌లో అద్దె చోటు, అంటే హోస్టింగ్, పెట్టించింది గూడూరులో కంప్యూటర్ షాపు నడిపే ఆయన. ఫోన్ చేశాను.

"మీదొక్కటే కాదమ్మా, ఆ సర్వర్‌లో ఉన్న సైట్లన్నీ పోయినాయి."

"మాది మాకు వేరేగా లేదా?"

"షేర్డ్ హోస్టింగ్ గదమ్మా. ఒకే మిషన్లో వందల మంది ఉంటారు. రొయ్యల గుంటలు చూస్తుంటారు గదా, అందరికీ ఒకటే కాలవ నీళ్ళు. ఎవడి గుంటలోనో జబ్బొస్తే మన రొయ్య కూడా తేలిపోద్ది. ఎవడో పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినాడు, వైరస్ దూరింది. కంపెనీవాళ్ళు మొత్తం తుడిచేసినారు."

"బ్యాకప్ తీస్తామని రాశారు. చదివాకే ఒప్పుకున్నాను."

కాసేపు కీబోర్డు చప్పుడు.

"తీసినారమ్మా, ముప్పై వేల ఫైళ్ళ లోపున్న వాళ్ళకి. మీవి దాటినాయి."

"అన్‌లిమిటెడ్ అన్నారు."

"చోటుకి అన్‌లిమిటెడ్. ఫైళ్ళ లెక్కకి కాదు. మీరు ఒక ఫోటో పెడితే అది ఏడు సైజుల్లో ఏడు ఫైళ్ళు చేసుకుంటది. లెక్కల టీచరు మీరే చూసుకోకపోతే ఎట్టమ్మా?"

"దాటకముందు తీసింది?"

"నెల దాటితే పాతవి తీసేస్తారు."

కాగితం మీద లెక్క వేసి చూశాను. సమాధికి ఇరవై ఎనిమిది ఫైళ్ళు. 1,071 సమాధుల దాకా 29,988. ఆ తర్వాతి సమాధి ఎక్కించిన రోజే గీత దాటాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రిజిస్టరు ఉంది గదమ్మా?" అన్నాడాయన.

లేదు. చెదలు తిన్న బైబిలునైనా, సంఘం పుస్తకాన్నైనా మేము చెత్తలో వేయం, పొయ్యిలో పెట్టం. తెల్లగుడ్డలో చుట్టి, ప్రార్థన చేసి, మట్టిలో పూడుస్తాం. మా రిజిస్టరుకూ చెదలు పట్టింది; చివరి పేజీ ఎక్కించాక వచ్చిన ఆదివారం పాస్టరయ్య ప్రార్థన చేశారు, నా చేతులతోనే దాన్ని గుంటలో పెట్టాను. పూడ్చాక రెండు వానాకాలాలు గడిచాయి. ఫోన్ నిండిపోతుందని, ఎక్కించిన ఫోటోలు ప్రతి శనివారం చెరిపేసేదాన్ని.

రెండు గంటలకు టేపు తీసుకుని తోటకు వెళ్ళాను. ఆ తల్లి సమాధికి ఒక అంకె గుర్తుంది: గోడ నుంచి 46. గేటు నుంచి ఎంతో గుర్తుకు రాలేదు. 46 అడుగుల దగ్గర గీత గీశాను. ఆ గీత వెంట తవ్వేవాళ్ళు గునపంతో పొడిచి చూస్తూ పోయారు.

"కంప్యూటర్లో పెట్టినానంటివే టీచరమ్మా, తియ్యి మరి" అంది ఆ అమ్మాయి మేనత్త. నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

రెండుసార్లు గునపానికి కొయ్య తగిలింది. ఆ శవపెట్టెలు ఎవరివో తెలియదు. పాస్టరయ్య చెయ్యెత్తి ఆపేశారు. ఉత్తరపు గోడ పక్క ఖాళీ జాగాలో గుంట తవ్వారు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మ ఇంకెంత దూరంలో ఉంటుంది?" అని అడిగింది. జీవితంలో మొదటిసారి, కొలత అడిగితే చెప్పలేకపోయాను.

పోయినవి: 1,146 సమాధుల కొలతలు. 4,584 ఫోటోలు. ఒక రిజిస్టరు. భార్య పక్కన ఒక మనిషికి దక్కాల్సిన చోటు.