వెర్నన్ పోకోర్నీ ఎత్తిన పిడికిలి

నెబ్రాస్కాలోని మా ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ ఆటలకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అంపైరు వెర్నన్ పోకోర్నీయే. బడి ఉన్న రోజుల్లో స్కూలు బస్సు నడిపేవాడు. బంతి అందుకునే క్యాచర్ వెనకాల వంగి నిలబడి ఆయన పిడికిలి ఎత్తాడంటే ఔటే. దేవుడు దిగివచ్చి కాదన్నా ఔటే. ఒక్కసారి కూడా మాట మార్చిన పాపాన పోలేదు. దాన్ని కొందరు నిజాయితీ అనేవారు. ఓడినవాళ్ళు మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అనేవారు. నన్నడిగితే రెండూ నిజమే.

కంచె వెనక కుర్చీలు వేసుకున్న తల్లిదండ్రులు ఊరుకుంటారా మరి!

"వెర్నూ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావా?"

"మా అమ్మమ్మ నీకన్నా నయం, ఆమెను నిలబెట్టండ్రా!"

ఏ ఊళ్ళోనైనా ఏ అంపైరైనా పడే మాటలే అవి. ఆట ముగిశాక ఆ అరిచినవాళ్ళే ఆయన చేతిలో ఆప్రికాట్ కొలాచీ, అదే పండు గుజ్జు పెట్టి కాల్చిన తీపి బన్ను, పెట్టి భుజం తట్టేవారు. కానీ ఆ ఏడాది ఆ మాటలు వినపడ్డప్పుడల్లా వెర్నన్‌కు గుండె జల్లుమనేది. ఎడమకన్ను మొదటినుంచీ మందమే. మార్చిలో కళ్ళ డాక్టరు చెప్పాడు, కుడికంటి చూపుకు సరిగ్గా నడిమధ్యలో మచ్చ పడిందనీ, అది పెరగడమే గానీ తరగడం ఉండదనీ. బయటికి చెబితే బస్సూ పోతుంది, మైదానమూ పోతుంది. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో ఆయనకు మిగిలినవి ఆ రెండే. అందుకే ఎవరికీ చెప్పలేదు. కూతురు మార్లిస్‌కు కూడా.

మార్లిస్ రెండో అంపైరు. మైదానం మధ్యలో నిలబడి మిగతా బేస్‌లు, అంటే పరుగెత్తేవాళ్ళు ఆగే మజిలీలు, చూసుకునేది. ఆమెకు పని నేర్పింది తండ్రే. "నేను అడిగితేనే నువ్వు నోరు విప్పాలి. అడక్కుండా చెప్పావంటే ఇద్దరి పరువూ గంగలో కలుస్తుంది" అని మొదటి రోజే చెప్పాడు. అంపైర్లందరూ పాటించే పద్ధతే అది, ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

జూన్‌లో ఒక శనివారం జిల్లా పోటీ జరిగింది. చివరి ఇన్నింగ్స్, మా పిల్లలు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇంకొక్కరు ఔటైతే ఆ ఏటికి మా ఆట ముగిసినట్టే. మూడో బేస్ మీద డెరిల్ రూజెక్ కొడుకు వెస్లీ ఉన్నాడు, పదకొండేళ్ళవాడు. మరో పిల్లవాడు బంతి అలా కొట్టగానే వెస్లీ, చేరితే పరుగొచ్చే హోమ్ బేస్ వైపు ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెత్తి, దుమ్ములో జారుకుంటూ వచ్చాడు. క్యాచర్ గ్లవ్ వాడి మోకాలికి తగిలింది. గ్లవ్ తగలడం వెర్నన్‌కు కనిపించింది. లోపల బంతి ఉండాల్సిన చోట మాత్రం మచ్చే ఉంది. ఉందిలే అనుకుని పిడికిలి ఎత్తాడు.

"బంతి పడిపోయింది! వెర్న్ తాతా, బంతి పడిపోయింది!" అని వెస్లీ నేల మీద నుంచే అరిచాడు.

బంతి ఉన్న గ్లవ్ తగిలితేనే ఔటు; బంతి గ్లవ్‌లోంచి జారితే పరుగెత్తినవాడు సేఫ్. మా పిల్లల కోచ్ పరుగున వచ్చాడు. "వెర్నూ, ఒక్కసారి మార్లిస్‌ను అడుగు. అడిగితే నీ సొమ్మేం పోతుంది?"

"నేను చూశాను" అన్నాడు వెర్నన్.

వెస్లీ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఇంతలో వాడి తండ్రి కంచె గేటు తోసుకుని వచ్చి వాడి చొక్కా పట్టుకున్నాడు. డెరిల్ కూడా చిన్నప్పుడు ఆ మైదానంలో ఆడినవాడే. వెర్నన్ మాటంటే అతనికి వేదం. "అంపైరుకు ఎదురు చెబుతావా? ఓడిపోయామని అబద్ధాలాడతావా సిగ్గులేకుండా?" అని ఊరంతా చూస్తుండగా పిల్లవాణ్ణి ఈడ్చుకుపోయాడు.

ఇంటికి వెళ్తుంటే బండి మార్లిస్ నడుపుతోంది.

"నువ్వు చూశావా?" అని అడిగాడు వెర్నన్.

"చూశాను నాన్నా. పడింది. క్యాచర్ వట్టి చేత్తో గబుక్కున తీసుకున్నాడు."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు అడగలేదుగా!" మార్లిస్‌కు ఏడుపు ఆగలేదు. "అడుగుతావేమోనని నీ మొహం వైపే చూస్తూ నిలబడ్డాను."

పిల్లవాడు నిజం చెప్పి అందరిముందూ అబద్ధాలకోరు అనిపించుకున్నాడే అన్న బాధతో వెర్నన్‌కు రాత్రి కన్ను మూతపడలేదు. మర్నాడు చర్చి అవగానే డెరిల్ ఇంటికి నడిచి వెళ్ళాడు.

డెరిల్ వరండాలోకి ఎదురొచ్చాడు. "రండి పెద్దాయనా, మేమే మీ ఇంటికి బయల్దేరుతున్నాం. వీడు మీకు ఉత్తరం రాశాడు. ఒరేయ్, ఇవ్వు."

వెస్లీ కాగితం చాపాడు. వెర్నన్ తల పక్కకు వంచి చదువుకున్నాడు. "వెర్న్ తాతకు. బంతి పడలేదు. ఓడిపోతామని అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

"డెరిల్, బంతి పడింది" అన్నాడు వెర్నన్. "వీడు చెప్పిందే నిజం. తప్పు నాది."

డెరిల్ నవ్వాడు. "మీ మంచితనం అది. వాణ్ణి వెనకేసుకు రాకండి."

"మార్లిస్ కూడా చూసిందయ్యా."

"ఆవిడ ఎక్కడో మధ్యలో ఉంది. మీరు రెండడుగుల దూరంలో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇప్పుడు మీరు తప్పు చెప్పారంటే ఎవడు నమ్ముతాడు?"

ఔరా, ఏనాడూ మాట మార్చని మనిషికి పట్టిన గతి! నిజం చెబుతున్నా నమ్మేవాడు లేడు. వెర్నన్ వెస్లీ వైపు చూశాడు. వాడు తలెత్తలేదు. ఆశ వదిలేసుకున్నవాడిలా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. అది చూసి ముసలాయన తట్టుకోలేకపోయాడు.

"నాకు కుడికన్ను కనబడదురా డెరిల్. మార్చి నుంచీ ఇంతే. చెబితే బస్సు పోతుందని దాచాను. రేపే స్కూలుకు వెళ్ళి చెప్పేస్తాను, ఇంక నడపను. గ్లవ్‌లో బంతి ఉందో లేదో నేను చూడనే లేదు."

డెరిల్ కొడుకు వైపు తిరిగాడు. "వెస్... మరి నిజంగా పడిందని నాకు గట్టిగా చెప్పొద్దట్రా?"

"చెప్పాను నాన్నా. ఉత్తరం నాలుగుసార్లు రాయించావుగా. మొదటి మూడింటిలో పడిందనే రాశాను. నువ్వే చింపేశావు."

డెరిల్ మెట్ల మీద కూర్చున్నాడు. వెస్లీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తండ్రిని మామూలుగానే అడిగాడు.

"ఇప్పుడేం రాయమంటావు?"