కాళహస్తి నుంచి నేరుగా ఇంటికి

నిన్న సాయంత్రం ఎదురింట్లో కొత్తగా దిగిన జంట మెట్లెక్కి వస్తుంటే, "రండమ్మా, కాఫీ తాగి పోదురు" అని పిలిచాను. ఆ అమ్మాయి మా గుమ్మం అవతలే ఆగి, "కాళహస్తి నుంచి వస్తా ఉండాం ఆంటీ. నేరుగా మా ఇంటికే పోవల్ల, ఇంకొకరి గడప తొక్కకూడదు కదా" అని నవ్వేసి వెళ్ళిపోయింది. అందులో తప్పేమీ లేదు. రాహుకేతువుల దోషం దించుకుని వచ్చేవాళ్ళు దారిలో ఎవరింటికీ పోకపోవడం మా వైపు అందరూ పాటించేదే. నాకు మాత్రం ముఖం చెల్లక, కాఫీ సంగతే మరిచి లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆ మాట నేనూ ఒకసారి వాడుకున్నాను. ఎందుకు వాడుకున్నానో చెప్పాలంటే ముందు మా చక్రాల ఇంటి సంగతి చెప్పాలి.

డెబ్భైల చివరి మాట. మా ఆయన సర్కారు రోడ్డు రోలరు డ్రైవరు. పని ఎక్కడుంటే మకాం అక్కడే. రోలరు వెనక తగిలించి లాక్కుపోయే పెట్టెలాంటి ఇల్లొకటి ఇచ్చేవాళ్ళు: నాలుగు ఇనప చక్రాలు, రేకు కప్పు, పడుకోవడానికి గోడకు కొట్టిన రెండు బల్లలు, ఎక్కడానికి మూడు మెట్ల నిచ్చెన. పెళ్ళయిన ఆరు నెలలకు నా కాపరం అందులో మొదలైంది. పూర్తిగా బాగోలేదంటే కళ్ళు పోతాయి. గాలికి కొదవ లేదు, ఇరుగుపొరుగు పోరు లేదు. మధ్యాహ్నం మాత్రం రేకు కాలితే లోపల మనిషి వేగిపోవలసిందే. రోడ్డు ఎంత పడితే ఇల్లు అంత ముందుకు జరిగేది. పోయిన వారం మా ముంగిట ఉన్న చింతచెట్టు ఈ వారానికి అర మైలు వెనకబడేది. అయినా నేను పట్టు వదలకుండా పొద్దున్నే ఆ నిచ్చెన ముందు నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసేదాన్ని. కంకర లారీల వాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆయన మాత్రం రోలరును ముగ్గు మీద పోనివ్వకుండా చుట్టు తిప్పి తీసుకెళ్ళేవారు.

ఇన్ని ముగ్గులు వేసినా ఆ ఇల్లు నాదని చెప్పుకోవడానికి నాకు నామోషీ. నగరిలో మగ్గం నేసే మా మేనత్త, నాయనకు అక్క, పెళ్ళిలో 'సర్కారు డ్రైవరు' అన్న మాట విని జీపు డ్రైవరనుకుంది. నేను కాదనలేదు. పైగా ఉత్తరాల్లో తిరుపతిలో క్వార్టర్సు ఇచ్చారనీ, ఇంట్లోనే కొళాయి ఉందనీ రాశాను. ఒకసారి రాశాక ఊరుకోవచ్చు కదా? పెరట్లో కరివేపాకు చెట్టు కూడా నాటాను, ఉత్తరంలోనే.

అప్పుడు మా మకాం ఏర్పేడు దాటి రేణిగుంట వైపు రెండు మైళ్ళలో. ఒకరోజు కంకర రాలేదు, పని ఆగింది. ఆయన రోలరు తుడిచి, ఇంకేం చేయాలో తోచక, ఉన్నట్టుండి, "పదమే, కాళహస్తికి పోయొద్దాం" అన్నారు. పొయ్యి మీది ఎసరు దించేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బస్సెక్కాను. దారంతా, ఈ మలుపు నేను రోలరుతో తొక్కిందే, ఆ కల్వర్టు దగ్గర నేల ఎంత ఏడిపించిందో తెలుసా అని ఆయన చెబుతూనే ఉన్నారు. పక్క సీటు పెద్దాయన ఎవరప్పా నువ్వని అడిగితే రోలరు నంబరుతో సహా చెప్పారు. అంత సంతోషంగా ఆయన్ని అంతకుముందు చూడలేదు.

దర్శనమై బయటికి వస్తే ఎదురుగా మా మేనత్త! ఆమె కూడా పూజకే వచ్చిందట. నా గడ్డం పట్టుకుని ముద్దాడి, ఆయనతో, "ఏమప్పా, క్వార్టర్సు బాగుండాయంట కదా? కొళాయి కూడా ఉండాదంట" అంది. ఆయన నా ముఖం చూశారు. "ఆ... బాగుండాయమ్మా" అన్నారు. నా కోసం ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అంతలో మేనత్త, "ఇంత దూరం వచ్చి ఊరికే పోయేదెందుకు, ఈ పొద్దు మీతోనే వచ్చి ఒక రాత్రి ఉండి పోతా" అంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తెలివి, "కాళహస్తి నుంచి నేరుగా ఎవురింటికి వాళ్ళు పోవల్ల కదత్తా" అన్నాను. ఆమె చెంపలేసుకుని, "అవునే పాపా, మర్చేపోయినా" అంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని గండం దాటాననుకున్నాను.

దాటలేదు. నగరికి పోవడానికి ఆమె ఎక్కే పుత్తూరు బస్సు మా దారినే పోతుంది. మీరు తిరుపతికి బస్సు మారేది రేణిగుంటలోనే కదా, అందాకా కలిసే పోదామని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఏర్పేడు దాటాక రోడ్డు సగం తవ్వి ఉండటంతో బస్సు నత్తలా నడిచింది. అదిగో రోలరు, దాని వెనక మా ఇల్లు, తాడు మీద ఆరేసిన నా చీర. రోలరుకు కాపలా ఉండే తాత మమ్మల్ని కిటికీలో చూసి, దిగుతామని చెయ్యెత్తి బస్సు ఆపాడు. "ఈడ ఎవురైనా దిగేదుండాదా?" అని కండక్టరు కేకేశాడు. ఆయన లేవబోయారు. నేను చొక్కా పట్టి లాగాను. ఆయన కూర్చున్నారు.

మేనత్త కిటికీలోంచి చూస్తూ, "సూడే పాపా, పెట్టిలో కాపరం! ఎవురి బిడ్డో గానీ ముగ్గు ఎంత లచ్చనంగా ఏసిందో. ఇట్లాంటి పిల్ల యాడున్నా ఇల్లు చేసుకుంటాది" అంది. నేను తల తిప్పలేదు. బస్సు కదిలింది. తాత చెయ్యి ఇంకా పైనే ఉంది.

రేణిగుంటలో దిగి, మేనత్తకు చెయ్యి ఊపి, మళ్ళీ వెనక్కి బస్సెక్కి వచ్చాం. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, అంతటితో తీరిపోయేది. నిచ్చెన దగ్గర చెప్పులు విప్పుతూ, "ఆ యమ్మకు మనిల్లు నచ్చిందే. పిలిచింటే వచ్చుండును" అన్నారు. అంతే.

మూడేళ్ళకు నిజంగానే క్వార్టర్సు వచ్చాయి. మేనత్త వచ్చి పది రోజులుండి, కొళాయిని మెచ్చుకుని వెళ్ళింది. నా అబద్ధం దానంతటదే నిజమై కూర్చుంది కాబట్టి ఒప్పుకోవలసిన పని కూడా తప్పిందనుకున్నాను. మారింది ఆయన. ఆ బస్సు తర్వాత, ఏం పని చేస్తావప్పా అని ఎవరడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు నా వైపు చూసేవారు. కోపంతో కాదు, నేనేం చెప్పదలచుకున్నానో తెలిస్తే అదే చెబుదామని. ఆయన పోయి ఆరేళ్ళయింది. మా ఆయన రోడ్డు రోలరు డ్రైవరని ఇప్పుడు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాను. ఆయన పక్కన నిలబడి నా నోటి వైపు చూసిన ముప్పై ఏళ్ళలో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.