కొండ మీద కట్టుకున్న ఊరు

మా అమ్మాయి చదివే ఊరు కరీబియన్ సముద్రం ఒడ్డున ఉంటుంది. మేం వలసొచ్చిన ఈ దేశంలోనే, డునెడిన్‌లో మొదటి ఏడాది చదివాక మెడిసిన్ సీటు రాలేదు. మేం వద్దంటున్నా పట్టుబట్టి అంత దూరంలో ఉన్న కాలేజీలో చేరింది. ఆ ఊరి పేరు సరిగ్గా పలకడానికే నాకు కొన్నాళ్ళు పట్టింది.

అక్కడ తుఫాను వస్తోందని తెలిసిన రోజు మేముండే టకానినిలో చక్కగా ఎండ కాస్తోంది. పనికి సెలవు పెట్టి, లాప్‌టాప్‌లో ఆ ఊరి మ్యాప్ తెరిచాను. కొడవలిలా వంగిన తీరం. దక్షిణం కొసన ఏరు సముద్రంలో కలుస్తోంది. ఆ ఏటి పక్కనే, పల్లంలో, అమ్మాయి హాస్టల్. వెనక నిటారుగా కొండ, దాని నిండా ఇళ్ళు. నేను కోస్తాలో పుట్టి పెరిగినదాన్ని. తుఫానంటే గాలి కంటే నీళ్ళకే భయపడతాను.

ఊరి వెబ్‌సైట్‌లో దాని పుట్టుక గురించి రాసి ఉంది. తెల్లదొరలు మొదట ఏటి ఒడ్డునే కోట, గిడ్డంగులు కట్టారట. ఒక తుఫానుకు అన్నీ కొట్టుకుపోయాయి. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు ఆ తర్వాత కొండ మీద ఇళ్ళు వేసుకున్నారు. ఊరు పుట్టింది అప్పుడేనని అక్కడివాళ్ళు అనుకుంటారు. ఊరి చిహ్నంలోనూ అదే ఉంది. కింద అలలు, వాటి మీద ఎగురుతూ ఓ పెలికాన్ పక్షి, పైన కొండ, కొండ మీద ఇళ్ళు, పెద్ద గంట. అలల దగ్గర ఒక్క ఇల్లు కూడా గీయలేదు. అది చూశాక నాకు కాలు నిలవలేదు.

వెంటనే ఫోన్ చేసి కొండ మీదికి వెళ్ళిపొమ్మన్నాను. హాస్టల్ కాంక్రీటు బిల్డింగని, అందరినీ అక్కడే ఉండమన్నారని చెప్పింది. ఆ గంట ఎక్కడుందని అడిగితే, పైన చర్చి దగ్గరని, ఆ చర్చి హాల్లోకి ఊళ్ళోవాళ్ళు చేరుతున్నారని అంది.

"నువ్వూ అక్కడికే వెళ్ళు తల్లీ."

"ఈ వానలో కొండెక్కడం కూడా ప్రమాదమే అమ్మా."

నా మాట విని బయల్దేరి, దారిలో ఏమైనా అయితే? అయినా వెలుతురుండగానే వెళ్ళమన్నాను. ఫ్రెండ్స్‌తో మాట్లాడి చెప్తానంది. అంతలోనే లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాను. టీ పెట్టి ఇచ్చాడు. ఇద్దరం తాగలేదు. బయట రైలు వెళ్ళిన చప్పుడైనా నాకు ఏరు పొంగినట్టే వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, నేనే. బాగున్నాను."

నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి కొండెక్కిందట. దారిలో ఒకమ్మాయి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. హాలు తలుపులు ఊడిపోకుండా అందరూ వంతులేసుకుని పట్టుకున్నారట. కింద హాస్టల్లోకి కిటికీల ఎత్తున నీళ్ళొచ్చాయి. అక్కడే ఉండిపోయినవాళ్ళు పై అంతస్తుకి ఎక్కి బతికారు.

"ఉండిపోయినా ఏం కాకపోయేదేమో అమ్మా," అంది. "కానీ మా గది కిందే కదా."

వచ్చెయ్యమని బతిమాలాను. బురద ఎత్తిపోస్తున్నామని, క్లాసులు మొదలవగానే పరీక్షలున్నాయని, రానని చెప్పింది. కొండ మీద గది వెతుక్కోమన్నాను. సరేనంది గానీ ఇంకా దొరకలేదట. అక్కడ తుఫాన్ల కాలం అయిపోలేదు. పొద్దున్నే లేచి ముందు లాప్‌టాప్‌లో ఆ సముద్రం మీద మేఘాలు చూసి, తర్వాతే స్టవ్ వెలిగిస్తున్నాను.